ప్రసాదం తిండి కాదట

మా మామగారికి పంచాంగం చూడనిదే దగ్గు కూడా రాదు. పార్థసారథిగారు ఆయన పేరు. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. అత్తగారితో సహా కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలోని మా ఇంటికి వచ్చి చేరినప్పటి నుంచీ నేను స్కూలుకు ఎప్పుడు బయలుదేరాలో, గ్యాస్ సిలిండర్ ఎప్పుడు మార్చాలో అన్నీ ఆయన చొక్కా జేబులోని బుల్లి పంచాంగమే చెబుతోంది. సిలిండర్ అయిపోయి పప్పు సగం ఉడికి ఆగిపోయినా సరే, దుర్ముహూర్తం దాటాలి. ఇదంతా నేను నవ్వుతూనే భరించాను, మా రసజ్ఞ ఆపరేషన్ దాకా.

రసజ్ఞకు నాలుగేళ్ళు. ఏడ్చినా గట్టిగా దగ్గినా కుడి గజ్జలో ఉసిరికాయంత ఉబ్బు వచ్చేది. పడుకోబెడితే లోపలికి పోయేది. అది హెర్నియా అని కొత్తగూడ చౌరస్తా దగ్గర కొత్తగా పెట్టిన నర్సింగ్ హోమ్‌లో డాక్టర్ ఓబులేసుగారు చెప్పారు. చిన్న ఆపరేషనేనట. కానీ ఆలస్యం చేస్తే పేగు అందులో ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుందట.

"గురువారం పొద్దున్నే మొదటి కేసుగా చేసేస్తానమ్మా. పసిపిల్లలు ఆకలికి ఆగలేరు కదా" అన్నారాయన. ఆ ఒక్క మాటతో నా ప్రాణం కుదుటపడింది.

మామగారి ప్రాణం కుదుటపడలేదు. ఇంటికి రాగానే పంచాంగం తీశారు. "పొద్దున్న తారాబలం బొత్తిగా లేదు. పదిన్నర దాటాక బ్రహ్మాండంగా ఉంది. అప్పటికి మార్పించు బాలూ" అన్నారు కొడుకుతో.

బాలు మా ఆయన. మాదాపూర్‌లో రాళ్ళగుట్టల మధ్య కట్టిన ఆ కొత్త గుండ్రటి భవనంలో ఉద్యోగం. రెండు వేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ తెలియక తికమకపడతాయట. ఆ తికమక తీర్చడమే ఈయన పని. ఇంట్లో మాత్రం తేదీ ఏదో, గంట ఏదో తండ్రిగారు చెప్పాలి. ఆయన చెప్పడం, ఈయన ఫోన్ చేసి మార్పించడం అయిపోయాయి. డాక్టరుగారు కూడా అడ్డు చెప్పలేదు. "ఈ మధ్య అందరూ ముహూర్తాలే అడుగుతున్నారు, మాకు అలవాటే" అన్నారట. ఆకలితో కూర్చునేది నా కూతురు. దానికేం అలవాటు? ఒళ్ళు మండిపోయింది నాకు.

ముందు రోజు మత్తు డాక్టరమ్మ రసజ్ఞను పరీక్ష చేసింది. సన్నగా, పొట్టిగా, మాటలో ఎక్కడా నాన్చుడు లేని మనిషి. ఆమెది ఇక్కడి భాషే. "రాత్రి అన్నం తిన్నంక మళ్ళ ఏం పెట్టొద్దు. తెల్లారినంక గుక్కెడు మంచినీళ్ళు, అంతే. కడుపుల ఏమన్న ఉంటే మత్తుల వాంతయి ఊపిరితిత్తుల్లకు పోతది. పిల్ల దక్కదు. సమజైందా?" అంది. పిల్ల దక్కదు అన్న మాట విన్నాక ఎవరికైనా సమజవుతుంది. ఇంటికి వెళ్ళి అదే మాట అత్తగారికీ మామగారికీ చెప్పాను. అచ్చ తెలుగులో, ఒకటికి మూడుసార్లు చెప్పాను.

గురువారం తెల్లవారింది. లేస్తూనే రసజ్ఞ "పాలు" అంది. ఇవాళ వద్దమ్మా అన్నాను. "పోనీ బిస్కట్" అంది. అదీ వద్దన్నాను. "అయితే ఏం కావాలో నువ్వే చెప్పు" అంది. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొదటి కేసుగా చేయించి ఉంటే ఈపాటికి అది నిద్రలో ఉండేది.

గది తీసుకోవడానికి నేనూ మా ఆయనా ముందుగా స్కూటర్ మీద వెళ్ళాలి. కాలనీ గుళ్ళో పాప పేరున అర్చన చేయించి, ఆ తర్వాత ఆటోలో తీసుకొస్తామన్నారు మామగారు. దేవుడి దగ్గరికి తీసుకెళ్తామంటే వద్దనడానికి నాకు నోరెలా వస్తుంది? గుమ్మంలో నిలబడి మళ్ళీ చెప్పాను. "అత్తయ్యగారూ, ఎంత ఏడ్చినా ఏమీ పెట్టకండి."

"మాకు తెలియదుటే అమ్మాయ్? మేమూ పిల్లల్ని కని పెంచినవాళ్ళమే" అన్నారు కనకలక్ష్మిగారు కాస్త నొచ్చుకుంటూ.

పది కావస్తుండగా ఆటో దిగారు ముగ్గురూ. రసజ్ఞ నుదుట ఇంత కుంకుమబొట్టు. తాతయ్య వేలు పట్టుకుని గెంతుకుంటూ వచ్చింది. ఆకలి అనలేదు, పాలు అనలేదు. ఆటో సరదాలో మరచిపోయింది కాబోలు, ఇంకాసేపు ఇలాగే ఉంటే చాలు తల్లీ అనుకున్నాను.

ఆయా గంగమ్మ వచ్చి పాపకు ఆకుపచ్చ గౌను తొడిగింది. "జర చేతులు లేపు బిడ్డా. గట్ల. శానా మంచి పిల్ల" అని మురిసిపోయింది. వెనకే మత్తు డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన వంగింది.

"పాపా, పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

రసజ్ఞ తాతయ్య వైపు చూసింది. "తినలేదు" అంది.

"పాలు తాగినవా?"

మళ్ళీ అటే చూసింది. "తాగలేదు."

డాక్టరమ్మ తలాడించి థియేటర్‌కు పంపమంది. గంగమ్మకు అందిద్దామని నేను పాపను ఎత్తుకున్నాను. అది రెండు చేతులూ నా మెడకు చుట్టేసి, మొహం నా మొహానికి ఆనించి ముద్దు పెట్టింది. గుప్పున వాసన కొట్టింది. నెయ్యి, యాలకులు, పచ్చకర్పూరం. మా ఇంట్లో పచ్చకర్పూరం లేదు. గుళ్ళో చక్కెరపొంగలిలో వేస్తారు.

"నోరు తెరువు" అన్నాను. తెరవలేదు. పెదవులు బిగించేసింది.

"పాపకు ఏం పెట్టారు మామయ్యగారూ?"

"ఏం పెడతాం? ఏమీ పెట్టలేదు" అన్నారాయన, గోడ మీద తగిలించిన క్యాలెండర్‌తో మాట్లాడుతున్నట్టుగా.

"దాని నోట్లోంచి పొంగలి వాసన వస్తోంది."

"అర్చన దగ్గర నిలబడిందిగా అమ్మాయ్, ఆ వాసన బట్టలకు పట్టి ఉంటుంది" అన్నారు అత్తగారు. ఆవిడ కొంగుచివర వేలికి చుడుతూ విప్పుతూ ఉన్నారు. గంగమ్మ అప్పటికే బట్టలు మార్చేసింది. పిల్ల ఒంటి మీద ఉన్నది ఆసుపత్రి గౌను.

ఈలోగా మామగారు డాక్టరమ్మ వైపు తిరిగి పెద్దమనిషి నవ్వు ఒకటి నవ్వారు. "మా కోడలికి కాస్త కంగారెక్కువండి. మీరు కానివ్వండి. వేళ దాటిపోతోంది."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయనకు అర్థమైంది. తండ్రి మొహం చూసి, తల్లి కొంగు చూసి, అంతా తెలిసిపోయినవాడిలా కళ్ళు దించుకున్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి చెవిలో అన్నారు. "తింటే మాత్రం ఎంత తిని ఉంటుంది ఆమనీ, ఓ చెంచాడు. ఇప్పుడు గొడవ చేయకు. ముహూర్తం దాటిపోతే నాన్నగారు బాధపడతారు."

పిల్ల దక్కదు అన్న మాట ఈయనా నా పక్కనే కూర్చుని విన్నారు. మనిషి మీద కోపం రావడం వేరు. కోపమైతే కాసేపటికి పోతుంది. ఇది అది కాదు. ఆయన ఊపిరి నా చెవికి తగిలిన చోట చేత్తో తుడుచుకున్నాను.

"డాక్టరుగారూ, పిల్ల తిన్నది. లోపలికి పంపను" అన్నాను.

డాక్టరమ్మ మా అందరి మొహాలూ ఒకసారి చూసింది. "అనుమానం ఉంటె నేను ముట్టనే ముట్టను. గని ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో నాకు తెల్వాలె. చెంచాడంటె ఒక తీరు, కడుపునిండ అంటె ఒక తీరు. ఉబ్బు ఇరుక్కునే కేసు ఇది, ఊకె వాయిదా వెయ్యలేం. ఎవరన్న నిజం చెప్పండి" అంది.

మామగారు జేబు తడుముకున్నారు. అత్తగారు కొంగు చుట్టుకున్నారు.

పాపను మంచం మీద కూర్చోబెట్టి దాని ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "రసజ్ఞా, గుళ్ళో ఏం తిన్నావో చెప్పు బంగారం. అమ్మ కొట్టదు, తిట్టదు."

తల అడ్డంగా ఊపింది. "చెప్పకూడదు."

"ఎందుకని?"

"చెబితే కళ్ళు పోతాయి."

"ఎవరన్నారు?"

వేలు ఎత్తి చూపించింది. "తాతయ్య. ప్రసాదం సంగతి డాక్టరుకు చెబితే దేవుడికి కోపమొచ్చి కళ్ళు పోతాయన్నాడు."

గంగమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేను రసజ్ఞ చేతులు రెండూ పట్టుకున్నాను. "పోవు. నేనున్నాను. చెప్పమ్మా."

అది నన్ను ఒకసారి బాగా చూసింది. ఇక మళ్ళీ చూడటం కుదరదేమో అన్నట్టు చూసింది. ఆ తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుని గబగబా చెప్పేసింది. "దొన్నె నిండా తిన్నా. జీడిపప్పు కూడా తిన్నా. ఇంకా కావాలంటే నాయనమ్మ తన దొన్నెలోది పెట్టింది. కొబ్బరిముక్క కూడా. తర్వాత ఆటో ఎక్కాం."

మూసిన కళ్ళు మళ్ళీ తెరవలేదు.

ఇక దాచడానికి ఏమీ మిగలకపోయేసరికి మామగారు గొంతు పెంచారు. "అవును, పెట్టాం. అయితే ఏమిటి? ప్రసాదం తిండెలా అవుతుంది? ఉపవాసం ఉన్నవాళ్ళు కూడా ప్రసాదం పుచ్చుకుంటారు. అర్చన చేయించి, ప్రసాదం వద్దని తోసేసి కత్తి కిందికి పంపమంటారా పిల్లను?"

"పెద్దాయనా, ఊపిరితిత్తుల్లకు పోయినంక గది ప్రసాదమా పొంగలా అని ఎవరడుగుతరు? ఇంకో పది నిమిషాలైతే ఈ పిల్ల నా చేతిల పోయేది" అంది డాక్టరమ్మ. విసురుగా బయటికి వెళ్ళిపోయింది.

ఆకలికి ఏడుస్తున్న పిల్లను చూసి మనసాగక పెట్టామంటే నేను అర్థం చేసుకునేదాన్ని. అత్తగారు తన దొన్నెలోది తీసి పెట్టడం ఆ మనసుతోనే అయి ఉండొచ్చు. కానీ పెట్టాక దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అబద్ధం నేర్పారు. నేర్పిన అబద్ధం బయటికి రాకుండా కళ్ళు పోతాయని భయపెట్టారు. అంటే చెప్పాల్సిన సంగతి ఒకటుందని ఆయనకు తెలుసు. ప్రసాదం తిండి కాదని ఆయన నిజంగా నమ్మి ఉంటే దాచడం దేనికి? తెల్ల పంచె, నుదుట గంధం, చేతిలో పంచాంగం. ఈ మనిషికి రోజూ పొద్దున్నే కాఫీ కలిపి ఇచ్చాను, కాళ్ళకు దణ్ణం పెట్టమని నా కూతురికి నేర్పాను. ఛీ అనిపించింది.

డాక్టర్ ఓబులేసుగారు వచ్చి సంగతి విన్నారు. "నాలుగు దాటాక చేద్దామమ్మా, అప్పటికి కడుపు ఖాళీ అవుతుంది. లేదంటే పది రోజులు ఆగాలి, రేపు నేను ఊరెళ్తున్నా" అన్నారు.

మామగారి పంచాంగం బయటికి వచ్చింది. "మూడున్నర నుంచి వర్జ్యం. అది కుదరదు" అన్నారు. ఇంత జరిగాక కూడా ఆ పుస్తకం తీయడానికి ఆ చెయ్యి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"పది రోజులేగా ఆమనీ, ఆగుదాం" అన్నారు మా ఆయన.

మొన్న ఆదివారం ఏడ్చినప్పుడు ఆ ఉబ్బు ఎంతకీ లోపలికి పోలేదు. నేను తడిగుడ్డ వేసి, ఒళ్ళో ఊపి, నానా యాతనా పడ్డాను. ఆదివారమైనా ఈయన ఆఫీసులోనే ఉన్నారు, మామగారు తారాబలం చూసుకుంటున్నారు. "సాయంత్రమే చేయండి డాక్టరుగారూ. తల్లిని, నేను సంతకం పెడతాను" అన్నాను.

"వర్జ్యంలో పిల్లకు ఏదైనా అయితే నీదే బాధ్యత" అన్నారు మామగారు.

"నాదే" అన్నాను.

ఆయన లేచి కండువా దులుపుకున్నారు. భోజనం వేళ దాటితే ఆయనకు పడదు. అందుకని తండ్రినీ తల్లినీ ఆటోలో ఇంటి దగ్గర దింపి వస్తానని మా ఆయన కూడా లేచారు. నా మొహం చూడకుండా ఇంటి తాళాలు తీసుకున్నారు. అత్తగారు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగారు. ఏదో అనబోయి, భర్త దగ్గేసరికి వెళ్ళిపోయారు.

మేమిద్దరం మిగిలాం. రసజ్ఞ కళ్ళు మూసుకునే ఉంది. తెరువమ్మా అంటే, "తెరిస్తే పోతాయి. మూసుకుంటే లోపలే ఉంటాయి" అంది. ఎంత బతిమాలినా వినలేదు. గంగమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని దాని పాదాలు రాసింది. "గట్లేం కావు బిడ్డా. గా తాత ఉత్తగనే బుగులు పెట్టిండు" అంది.

"తాతయ్య అబద్ధం చెప్పాడా అమ్మా?" అడిగింది రసజ్ఞ.

ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఆయన మాటను నేను పల్లెత్తి కాదన్నది లేదు. పెద్దవాళ్ళు అలా అంటారులే, సర్దుకుపోవాలి అనే సమాధానం నాలుక చివరే ఉంది. దాన్ని మింగేశాను. "అవునమ్మా. తాతయ్య అబద్ధం చెప్పారు."

ఒక రెప్ప కొంచెం పైకి లేచింది. వెంటనే మళ్ళీ పడిపోయింది. సగం నమ్మింది కాబోలు. థియేటర్ తలుపు దాకా కళ్ళు మూసుకునే వెళ్ళింది, గంగమ్మ భుజం మీద.

బయట బెంచీ మీద కూర్చున్నాను. గుట్టల్లో ఎక్కడో రాళ్ళు పేలుస్తున్నారు, కిటికీ అద్దాలు అదురుతున్నాయి. మా ఆయన ఇంకా రాలేదు. గోడ గడియారం చూసి, ఇప్పుడు వర్జ్యం నడుస్తోంది అనుకున్నాను. పిల్లకేమైనా అయితే? అనుకోగానే నా మీద నాకే రోత పుట్టింది. ఆ పంచాంగం నా బుర్రలోకి కూడా దూరి కూర్చుంది. లేచి గడియారానికి వీపు పెట్టి కూర్చున్నాను.

డాక్టరమ్మ తలుపు తీసుకుని వచ్చినప్పుడు ఆమె మొహం తేటగా ఉంది. "అంత మంచిగైంది. మత్తు దిగేటప్పుడు ఒకసారి వాంతి చేసుకుంది. ఉత్త నీళ్ళే. పొద్దున చేసుంటె పొంగలి వచ్చేది" అంది. ఆ తర్వాత ఏమయ్యేదో ఆమె చెప్పలేదు. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.

రసజ్ఞను మంచం మీద పడుకోబెట్టారు. ఎడమచేతికి సెలైన్ సూది, దాని మీద ప్లాస్టర్. చాలాసేపటికి రెప్పలు కదిలాయి. ఒక కన్ను తెరిచింది. పైన తిరుగుతున్న ఫ్యాన్ చూసింది. రెండో కన్ను కూడా తెరిచి, తల తిప్పి నన్ను వెతికింది.

"అమ్మా, కనిపిస్తున్నావు" అంది.

వర్జ్యం దాటాక వచ్చారు అందరూ. మామగారి చేతిలో మళ్ళీ ఒక దొన్నె. గుమ్మంలోనే గంగమ్మకు చెబుతున్నారు. "చూశావుటమ్మా, వర్జ్యంలో కోసినా పిల్ల క్షేమంగా బయటపడిందంటే అది పొద్దున్న తిన్న ప్రసాదం మహిమే." గంగమ్మ బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది. మా ఆయన మాత్రం హాయిగా తలాడించారు. ఆయనకు అన్నీ సర్దుకుపోయినట్టే ఉంది.

మామగారు మంచం దగ్గరికి వచ్చి వంగారు. "ఏదీ మా బంగారుతల్లి? తాతయ్యను చూడు."

రసజ్ఞ రెండు చేతులతో రెండు కళ్ళూ మూసేసుకుంది.

"చేతులు తియ్యమను ఆమనీ. నాన్నగారు పిలుస్తున్నారు" అన్నారు మా ఆయన.

సూది ఉన్న చెయ్యి అలా మడిస్తే నొప్పి పుడుతుంది. ఆ చేతిని మెల్లగా దించి మంచం మీద పెట్టాను. దాని బదులు ఆ కంటిని నా అరచేత్తో మూశాను.